రుజువు అక్కర్లేని సత్యం ఎవరిది?

గోదావరి జిల్లాల్లో హరిశ్చంద్ర నాటకం చూడకుండా పెద్దయిన మనిషి ఒక తరం కిందట అరుదు. ఊరి తీర్థానికో, శివరాత్రి జాగారానికో మొదలుపెడితే తెల్లారేదాకా సాగే పద్యనాటకం అది. కాటిసీను దగ్గరికొచ్చేసరికి వన్స్‌మోర్లు పడేవి. పేట జనం కూడా వెళ్లేవారు, గోనెలు పరుచుకుని చివర్న కూర్చునేవారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో జాషువా శ్మశానం పద్యాలు ఎప్పుడో కలిసిపోయాయి. అంటే చివర్న కూర్చున్నవాళ్ల కవి గొంతే ఆ స్టేజీ మీద మోగేదన్నమాట. విన్నవాళ్లలో ఎందరికి ఆ సంగతి తెలుసన్నది వేరే మాట.

ఆ నాటకం మా ప్రాంతపు బుర్రల్లో ఒక నమ్మకం నాటింది. సత్యానికి రుజువు అక్కర్లేదు, అది తనంతట తానే నిలబడుతుంది అని. ‘నిజం నిప్పులాంటిది’, ‘నిజం నిలకడ మీద తెలుస్తుంది’ అనే సామెతలు దానికి తోడు. ఈ నమ్మకాన్ని మేము ఇక్కడ కొంచెం గీకి చూడదలిచాం. ఎందుకంటే ఇవే మాటలు ఊళ్లో ఒకలా, పేటలో ఇంకోలా పనిచేస్తున్నాయి. ఊరి పెద్ద నోట్లోంచి వస్తే అది సత్యం. పేట మనిషి నోట్లోంచి వస్తే ఆరోపణ. ఆరోపణకి రుజువు కావాలి.

ముందు నాటకాన్నే చూద్దాం. రుజువు లేకుండా గెలిచిన సత్యం అని మనం చెప్పుకునే ఆ కథ నిండా రుజువులే. కాటిలో మొగుడూ పెళ్లాం ఒకర్నొకరు గుర్తుపట్టేది ఎలా? మొగుడికి తప్ప ఇంకెవరికీ కనబడని తాళి ద్వారా. చంద్రమతి మీద హత్యానేరం పడేది ఎలా? శవం దగ్గర దొరికింది గనక. రుజువు తల్చుకుంటే రాణిని కూడా ముంచగలదు. మరి ఆమెను చివరికి కాపాడిందెవరు? శివుడు ప్రత్యక్షమయ్యాడు. రాజుగారి సత్యానికి దేవుడే సాక్షిగా దిగొచ్చాడు. అలాంటి సాక్షి దొరికే కేసులో ఇంకో సాక్షి ఎందుకు?

వీరబాహుడి సంగతి ఇంకా తమాషా. కాటికి దొర, రాజుని డబ్బిచ్చి కొనుక్కున్నవాడు, మన మనిషి. మార్కండేయ పురాణానికి వెళ్తే ఆ చండాలుడు చండాలుడే కాదనీ, ధర్ముడు ఆ వేషంలో వచ్చాడనీ తేలుతుంది. కథ మొత్తం మీద చేతిలో డబ్బున్న దళితుడు ఒక్కడు, ఆ ఒక్కడూ మారువేషమే! కాబట్టి రాజు అమ్ముడుపోయిందీ దళితుడికి కాదు, మైలపడిందీ లేదు. ఈ సంగతికి మాత్రం ఇంతకాలంగా ఎవరూ రుజువడగలేదు.

దీన్నిబట్టి రుజువే వద్దు, మా మాట నమ్మండి చాలు అని మేము అనబోవడం లేదు. అనుభవించినవాడి మాటకి వేరే రుజువెందుకని మాలోనే కొందరు మిత్రులు వాదిస్తారు. వాళ్ల కోపం మాకర్థమవుతుంది గానీ వాదన ఒప్పుకోలేం. రుజువు వద్దన్న చోట గెలిచేది ఎప్పుడూ బలమున్నవాడి మాటే. అంబేద్కర్ బారిస్టరు. ‘వీసా కోసం ఎదురుచూస్తూ’ అనే చిన్న రచనలో అంటరానితనమంటే ఏమిటో తెలియని విదేశీయులకి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన సిద్ధాంతం ఎత్తుకోలేదు. తనకి జరిగినవీ, తనలాంటి ఇతరులకి జరిగినవీ ఒక్కొక్క సంఘటనా పేర్చి పెట్టాడు. బోనులోకి ఎక్కి సాక్ష్యం చెప్పినట్టే చెప్పాడు. కాబట్టి మా ప్రశ్న వేరు. రుజువు అడగడానికి ముందే, వీటికి రుజువక్కర్లేదు అని పక్కన పెట్టేసిన సంగతుల జాబితా ఒకటుంటుంది. ఆ జాబితా ఎవరు రాశారు? అందులో పేటకి తెలిసిన సంగతి ఒక్కటైనా ఉందా?

ఇది అలంకారంగా అంటున్న మాట కాదు. చట్టంలోనే ఆ జాబితా ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టంలో 56, 57 సెక్షన్లు చూడండి. కోర్టు తనంతట తానే గుర్తించాల్సిన సంగతుల్ని ఎవరూ రుజువు చెయ్యనక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య చట్టం కూడా ఈ పద్ధతిని అలాగే ఉంచింది. ఏమిటా సంగతులు? కాలవిభజన, ప్రపంచపు భౌగోళిక భాగాలు, గెజెట్‌లో ప్రకటించిన పండగలు, రోడ్డు మీద ఏ పక్కన వెళ్లాలన్న నియమం, ఇలాంటివి. సంక్రాంతి ఎప్పుడో కోర్టులో ఎవరూ రుజువు చెయ్యక్కర్లేదు. ఊళ్లో డప్పు ఎవరు కొట్టాలో, కొట్టనన్నవాడికి మర్నాటి నుంచి కూలి ఎందుకు దొరకదో మాత్రం సాక్షుల్ని పెట్టి రుజువు చేసుకోవాలి. రెండూ ఆ ఊళ్లో అందరికీ తెలిసిన సంగతులే.

అదే చట్టం రుజువు అంటే ఏమిటో కూడా చెప్పింది. ఒక సంగతి ఉందని నమ్మి వివేకవంతుడైన మనిషి ఆ నమ్మకం మీద నడుచుకునేంత సంభావ్యత ఉంటే చాలు, అది రుజువైనట్టే. బాగానే ఉంది. ఆ వివేకవంతుడు ఏ వీధిలో కాపరముంటాడు? చెరువుగట్టు మీది పేటలోనా, రామాలయం వీధిలోనా? చట్టం చెప్పదు.

చట్టం ఒకసారి మాత్రం పేట వైపు నుంచి ఆలోచించింది. 1955 అస్పృశ్యతా నేరాల చట్టం, తర్వాత పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారింది, దాని 12వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద నేరమయ్యే పని షెడ్యూల్డు కులాల మనిషి పట్ల జరిగితే అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందుగానే భావించాలి. కాదని రుజువు చేసుకునే బరువు అవతలివాడిది. జాబితాలోకి మన సంగతి ఎక్కిన అరుదైన సందర్భమిది. 1989లో అట్రాసిటీ చట్టం వచ్చింది. శిక్షలు పెరిగాయి, ఈ భావన మాత్రం అందులోకి అలా దిగలేదు. హత్య, అత్యాచారం లాంటి పెద్ద నేరాల్లో బాధితుడు దళితుడు ‘అనే కారణంతోనే’ చేశారని విడిగా తేల్చాల్సి వచ్చింది. 2021లో సుప్రీం కోర్టు మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక కేసు తేల్చింది. అంధురాలైన దళిత యువతి మీద అత్యాచారం రుజువైందంది, యావజ్జీవ శిక్ష ఖాయం చేసింది. కులం కారణంగా జరిగిందనడానికి సాక్ష్యం లేదని అట్రాసిటీ సెక్షన్ కింద పడ్డ శిక్షని కొట్టేసింది. కులమూ, ఆడతనమూ, అంగవైకల్యమూ కలిసి మనిషి మీద ఎలా పనిచేస్తాయో అదే తీర్పులో కోర్టే విడమరిచి రాసింది. తెలిసిన సంగతీ, రుజువైన సంగతీ ఒకే తీర్పులో రెండు దారులయ్యాయి. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ‘కారణంతో’ అన్నదాన్ని తీసి ‘దళితుడని తెలిసి’ అని పెట్టింది. ముద్దాయికి బాధితుడి కుటుంబంతో పరిచయముంటే కులం తెలిసినట్టే భావించాలని కూడా చేర్చింది. ఊళ్లో ఎవరి కులం ఎవరికి తెలియదని! ఆ మాట చట్టంలోకి ఎక్కడానికి 26 ఏళ్లు పట్టింది.

ఇక మా జిల్లా సంగతికి వద్దాం. అప్పటి తూర్పుగోదావరి జిల్లా రామచంద్రపురం దగ్గర వెంకటాయపాలెం. 1996 డిసెంబర్ 29. ఐదుగురు దళితుల్ని హింసించారు, వాళ్లలో ఇద్దరికి గుండు గీయించారు. 2024 ఏప్రిల్ 16న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు అది నేరమేనని తేల్చి, ఒక శాసనమండలి సభ్యుడితో సహా ముద్దాయిలకి 18 నెలల జైలు శిక్ష వేసింది. శిక్ష పడ్డవాళ్లు హైకోర్టుకి వెళ్లారు. ఘటనకీ మొదటి కోర్టు తీర్పుకీ మధ్య 27 ఏళ్ల పైచిలుకు. వాయిదాలు నక్షత్రకుడిలా వెంటపడ్డాయనుకోండి, కాకపోతే ఇక్కడ నక్షత్రకుడు పట్టుకున్నది అప్పు పడ్డవాణ్ణి కాదు, అప్పు రావాల్సినవాణ్ణి.

ఈ కేసుని మేము ఇంతగా పట్టుకోవడానికి కారణముంది. గుండు అనేది తన సాక్ష్యాన్ని తానే చెరుపుకునే నేరం. చెయ్యి విరిస్తే ఎక్స్‌రే ఉంటుంది. ఇల్లు కాలిస్తే బూడిద ఉంటుంది. గుండు గీస్తే ఆరు నెలల్లో జుట్టు మొలుస్తుంది, మనిషి మామూలుగా కనబడతాడు, కోర్టులో జడ్జిగారి ముందు నిలబడేనాటికి తల నిండా జుట్టే. ఎవరు ఎంచుకున్నారో గానీ ఈ శిక్షని తెలివిగా ఎంచుకున్నారు. అవమానం బతికున్నంత కాలం ఉంటుంది, గుర్తు మాత్రం ఉండదు. 27 ఏళ్లకి మిగిలేది మనిషి నోటిమాటే. ఆ నోటిమాటకే కదా మన సమాజంలో ధర తక్కువ.

ఇంకోటి, 1996లో గుండు గీయడం అనే మాటే అట్రాసిటీ చట్టంలో లేదు. బట్టలు ఊడదీయడం, ముఖానికి రంగు పూసి ఊరేగించడం ఉన్నాయి. వాటి పక్కన, మానవ గౌరవానికి భంగం కలిగించే అలాంటి మరో పని అని ఒక ముక్క ఉంది. గుండు ఆ ‘అలాంటి మరో పని’లో ఇమడాలి. బలవంతంగా గుండు గీయడం, మీసం తీసెయ్యడం అని పేరు పెట్టి చట్టం రాసుకున్నది 2016 సవరణతోనే. అప్పటిదాకా ఆ అవమానానికి చట్టంలో సొంత పేరు లేదు.

పేపర్లు దీనికి పెట్టిన పేరు కూడా చూడాలి. శిరోముండనం. మా పేటల్లో ఎవరూ ఆ మాట అనరు. ‘గుండు గీసేరు’ అంటారు. గీసేరు అన్నప్పుడు గీసినవాడు ఒకడున్నాడని తెలుస్తుంది. శిరోముండనం అంటే అన్నవరం కొండ మీద మొక్కు తీర్చుకున్నట్టుంటుంది. చేసినవాడు మాయమై క్రియ మాత్రం మిగిలే ఇలాంటి సంస్కృత సమాసాలు మన పత్రికా భాష నిండా ఉన్నాయి. మేమూ అదే మాట ఎన్నోసార్లు వాడేశాం, ఒప్పుకుంటున్నాం.

వెంకటాయపాలెం కేసు ఇంకా నడుస్తుండగానే 2020 జూలైలో అదే జిల్లా సీతానగరంలో ఒక దళిత యువకుడికి పోలీసు స్టేషన్లోనే గుండూ మీసమూ గీసేరని ఫిర్యాదు. ఇసుక లారీల తగాదాతో మొదలైందన్నారు. ఎస్సై సస్పెండయ్యాడు, అరెస్టయ్యాడు. ఈసారి ఫొటో ఉంది. గీసిన తల రాష్ట్రమంతా సెల్‌ఫోన్లలో తిరిగింది. ఆ కుర్రాడు కొద్ది రోజులకి నక్సలైట్లలో చేరడానికి అనుమతివ్వమని రాష్ట్రపతికి ఉత్తరం రాశాడు. ఫొటోతో న్యాయం నడుస్తుందని నమ్మకముంటే ఆ ఉత్తరం రాసేవాడా? పై వాక్యంలో ‘ఫిర్యాదు’ అని రాశాం, గమనించే ఉంటారు. నేరం కోర్టులో తేలేదాకా అలాగే రాయాలి. ఆ క్రమశిక్షణ మాకూ ఉంది. అదే క్రమశిక్షణ ఊరికి లేదన్నదే మా బాధ.

ఆ బాధ వివరంగా చెప్పాలంటే పక్కనున్న కృష్ణా డెల్టాకి, చుండూరుకి వెళ్లాలి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు, సాక్ష్యాలు నిలవలేదని, అందరినీ వదిలేసింది. సుప్రీం కోర్టుకి అప్పీలు వెళ్లింది. ఎనిమిది మంది చచ్చిపోయారన్నది ఎవరూ కాదనలేదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చంపారన్నది మాత్రం తేలలేదట. పాత సాక్ష్య చట్టం మూడో సెక్షన్‌లో మూడు మాటలుండేవి: రుజువైంది, అబద్ధమని రుజువైంది, రుజువు కాలేదు. ఈ మూడో గది చాలా ముఖ్యమైనది. హైకోర్టు తీర్పు ఆ గదిలోది. కానీ తీర్పు ఊరికి చేరేసరికి గదులు రెండే. రుజువు కాలేదు అన్నది ‘దొంగ కేసు’ అని తర్జుమా అయిపోతుంది. అట్రాసిటీ కేసులన్నీ దొంగ కేసులే అని టీ కొట్టు దగ్గర పేపరు చదువుతూ చెప్పే పెద్దమనిషిని, ఏవండీ, రుజువు కాకపోవడం వేరు, అబద్ధమవడం వేరు కదా అని మేము అడిగి చూశాం. మీరు చదువుకున్నోళ్లు, మీతో మేం మాటాడలేవండి అన్నాడు.

ఇదంతా రుజువు దొరకని వాళ్ల కథ. రుజువు చేతిలో ఉన్నవాళ్ల కథ కూడా చెప్పాలి. డెల్టాలో పేటకో చర్చి ఉంటుంది. నరసాపురం, పాలకొల్లు వైపు గోదావరి డెల్టా మిషన్, రాజమండ్రి వైపు లూథరన్లు, కాకినాడ, పిఠాపురం వైపు కెనడియన్ బాప్టిస్టులు. ఆదివారం చర్చికెళ్లిన మనిషిని సోమవారం పొలంలో కులం పేరుతోనే పిలుస్తారు. ఇది సంక్రాంతి తేదీ అంత స్పష్టమైన సంగతి. 1985లో సూసై కేసులో, మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక క్రైస్తవుడు ప్రభుత్వం ఇచ్చే బంకు తనకీ కావాలని సుప్రీం కోర్టుకి వెళ్తే, మతం మారాక కులం ఉందని చూపితే చాలదు, మునుపటిలాంటి దురవస్థే కొత్త మతంలోనూ ఉందని చూపాలి అంది కోర్టు. అంటే సర్వేలూ లెక్కలూ కావాలి. చెప్పులు కుట్టేవాడు లెక్కలు ఎక్కణ్ణుంచి తెస్తాడు? 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు గుంటూరు జిల్లా పాస్టరు ఒకాయన కేసులో, క్రైస్తవంలోకి మారినవాడు అట్రాసిటీ చట్టాన్ని వాడుకోలేడని, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్టు రద్దు కాకుండా ఉన్నా అది పనికిరాదని చెప్పింది. కాగితం లేనివాణ్ణి కాగితమేది అన్నారు. కాగితం ఉన్నవాణ్ణి కాగితం కాదు, నిజం కావాలి అన్నారు. ఆ నిజం సోమవారం పొలంలో వినబడే పిలుపులో ఉంది, రికార్డులో లేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మతం షరతు ఉన్నంత కాలం కోర్టుకి వేరే దారి తక్కువన్నది మాకు తెలుసు. మా తగాదా ఆ ఉత్తర్వుతోనే.

కోర్టుల్నే అని ఊరుకుంటే మేము తప్పించుకున్నట్టవుతుంది. సాహిత్య చరిత్ర కూడా కోర్టే. రాజమండ్రి కవి కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ అన్నాడు. గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం వద్దన్నదానికి అది జవాబు. గరిమెళ్ల పాటకి తెల్లవాడు జైలు వేశాడు, దాంతో ప్రభుత్వపు కాగితాల్లో రికార్డు మిగిలింది. ధర్మన్న వైద్యం చేసుకుంటూ ‘జయభేరి’ పత్రిక నడిపాడు. ఆయన గురించి రాయబోయిన ప్రతి విద్యార్థినీ యూనివర్సిటీ గదుల్లో అడిగే మొదటి ప్రశ్న: ప్రతి ఉందా? ఏ సంవత్సరం? గరిమెళ్ల జాతీయ కవి అన్నదానికి ఈ ప్రశ్న ఎవరూ వెయ్యరు. అడగొద్దని మేము అనం. ఇద్దర్నీ అడగమంటాం. పేటలో గడ్డికప్పుల కింద, వానలూ వరదలూ వచ్చే చోట, దాచుకున్న పత్రికలు ఏమయ్యుంటాయో ఆలోచించి అడగమంటాం.

మేము కూడా అడిగినవాళ్లమే. కోనసీమలో పేటలు తిరిగి అంటరానితనం జ్ఞాపకాలు సేకరించాలని ఒక ఫారం అచ్చు వేయించుకున్నాం. చివర్న ‘ఆధారం’ అని ఒక గడి. పరిశోధన కదా, ఉండాలి. ఒక ముసలామె అరుగు మీద కూర్చుని చెప్పింది. చిన్నప్పుడు పాక హోటల్లో వీళ్లకి కొబ్బరిచిప్పలో టీ పోసేవారు, తాగి కడిగి చూరులో దోపేసి వచ్చేవాళ్లు, ఎవరి చిప్ప వాళ్లది. మాలో ఒకడు పెన్ను పట్టుకుని, ‘మామ్మగారూ, ఏ సంవత్సరం? దీనికి ఆధారం ఏమైనా ఉందాండీ?’ అన్నాడు.

‘ఆధారవంటే ఏటి బాబూ?’

‘అంటే... అప్పటిదేదైనా. చూపించడానికి.’

ఆమె మా వైపు కాసేపు చూసింది. ‘ఆ సిప్ప దాసుకుంటానేటి నాయినా నేను? పొయ్యిలో ఎట్టేసేను’ అంది. పక్కింటావిడ నవ్వింది. హోటలు ఎప్పుడో పోయింది, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ స్థలమూ పోయింది. హోటలాయన కొడుకులు హైదరాబాదులో ఉన్నారట. మర్యాదస్తులు, పండక్కి వచ్చినప్పుడు ఆమెను పలకరిస్తారట. వాళ్లని అడిగితే అలాంటిదేమీ ఎరగమంటారు, నిజంగానే ఎరగరేమో కూడా.

ఆ సాయంత్రం ఫారాలు ముందేసుకుని కూర్చున్నాం. ఆ గడిలో ఏం రాయాలన్నది మాలో తేలలేదు. ఒకరు ‘మౌఖికం’ అన్నారు. ఒకరు ‘లేదు’ అని రాసి కొట్టేశారు. ఆమె పేరే రాద్దాం అన్నారు ఇంకొకరు, కానీ ఆమె పేరు రాయొద్దంది, కొడుకు ఆ ఊళ్లోనే చేపల చెరువుల మీద కూలికి వెళ్తాడు. ఫారం అలాగే ఉంది. మలివిడత ఫారాల్లో అదే గడి పక్కన ఇంకో గడి పెట్టాం: ‘ఆధారం ఏమైంది?’ వచ్చే నెల అల్లవరం వైపు వెళ్తున్నాం.